చిరంజీవియగు ప్రతినాయకుఁడు

మా గూడూరిలో సాయంకాలములందుఁ గొందఱు బడిపిల్లలు పద్యములు చదువుకొనుటకై నాయొద్దకు వచ్చుచుందురు. ఒకనాఁడు ప్రసంగవశమున సౌప్తికపర్వకథ వచ్చినది. నిద్రించుచున్న ఉపపాండవులను అశ్వత్థామ వధించిన విధమును, పిమ్మట ఉత్తరగర్భముపై అస్త్రము విడిచిన విధమును జెప్పి, ఇంతటి పాపకర్ముఁడు భారతమున మఱియొకఁడు లేఁడని నేననఁగా నొక బాలుఁడు లేచి, "కాదు మాస్టారూ, అశ్వత్థామ మంచివాడండీ. కల్కి తల్లిని కాపాడేది ఆయనే కదండీ" యనెను. తక్కినవారందఱును వానిపక్షమే వహించిరి. వారికిఁ బ్రమాణము వ్యాసుఁడు గాఁడు, తిక్కనయుఁ గాఁడు, 2024 సంవత్సరము జూన్ నెలలో వెలువడిన "కల్కి 2898 ఏ.డి." యను చలనచిత్రము.

నేనా చిత్రమును అదివఱకుఁ జూచియుండలేదు. పిల్లలకు బదులు చెప్పవలసినవాఁడు పిల్లలెఱిఁగినదానిని ఎఱుఁగకుండుట తగదని, ఇంటనున్న టెలివిజనునెదుట మూఁడుగంటలు కూర్చుండి చూచితిని. సందేహనివృత్తికై రెండవమాఱును జూచితిని. ఇట్టి విషయము పరిశోధకపత్రికకుఁ దగునా యని పండితమిత్రుఁ డొకఁడు నన్నాక్షేపించెను. బాలనాగమ్మకథను బుఱ్ఱకథగాండ్రు ఊరూరఁ బాడుచుండిన కాలమున మన పెద్దలలోఁ బలువురు దానిని చెవినిఁ బెట్టలేదు. తరువాత దానినే జానపదవాఙ్మయమని పేరిడి సేకరింపఁ దలపెట్టిరి. ఆలస్యముగా వచ్చుటయే పాండిత్యలక్షణమని నేననుకొనను.

సైన్సు ఫిక్షనని లోకము వ్యవహరించు విజ్ఞానకల్పితకథలలో మహాబలుఁడును మృత్యురహితుఁడును అగు దుష్టుఁడు తఱచుగాఁ గానవచ్చును. ఇంగ్లండున 1963 లో టెలివిజనున మొదలైన "డాక్టర్ హూ" యను కథావళిలో "మాస్టర్" అను నామముతో నిట్టివాఁడొకఁడు 1971 లో ప్రవేశించెను. వాని జాతివారు చావు దాపురించినప్పుడు దేహమును మార్చుకొని మరల బ్రదుకఁగలరు. కాని పండ్రెండు మాఱులకంటె నెక్కువ మార్చుకొనలేరు. 1976 నాఁటి కథలో వాఁడా పండ్రెండును వెచ్చించుకొని, కుళ్లిన శవమువంటి యొడలితో, చావక చావనొల్లక, ఇంకొక్క బ్రదుకునకై కుట్రలు పన్నును. మా మేనల్లుఁడీ కథను నాకు వినిపించినప్పుడు నాకుఁ దోఁచిన దొక్కటియే: సీమవారి కల్పనయందును లెక్క యున్నది. లెక్కలేని యమరత్వమును గథకుఁడు సహింపలేఁడు. ఏలయనఁగాఁ బ్రతినాయకుఁడు నిజముగాఁ జావనివాఁడైనచో కథకు నిర్వహణసంధి లేదు. చచ్చెనేని వాఁడు చావనివాఁడు గాఁడు. ఈ విరోధమును బరిహరించు విధమే యిట్టి కథలకు జీవము. మన కవులు దానిని ఎట్లు పరిహరించిరో చూచి, పిదప నీ క్రొత్త కథను బరిశీలింపవలసియున్నది.

దశరూపకకారుఁడగు ధనంజయుఁడు ప్రతినాయకునకుఁ జెప్పిన లక్షణములలో లోభము, ధీరోద్ధతత్వము, స్తబ్ధత, పాపశీలత, వ్యసనము నున్నవిగాని దీర్ఘాయువు లేదు. అది లక్షణకారులు చెప్పినది కాదు, పౌరాణికులు తెచ్చినది. ఇందు శబ్దవిషయ మొకటి గమనింపఁదగును. అమరశబ్దము మరణమును నిషేధించును. చిరంజీవిశబ్దము నిషేధింపదు. చిరమను నవ్యయము దీర్ఘకాలమును మాత్రమే చెప్పును, ఎంతకాలమో చెప్పదు. లోకమున నీ రెండును ఒక్కటిగానే వాడుచున్నారు. మా పిల్లలును అట్లే వాడిరి. కాని పురాణములలో దానిని అడిగిన యే రాక్షసునకును బ్రహ్మ మొదటిదానిని ఈయలేదు. అడిగినవాని నెల్ల, అది తప్ప మఱియొకటి కోరుకొమ్మనియే పలికెను. కాఁబట్టి వారు కోరినది మరణాభావము కాదు. మరణమునకు వచ్చు త్రోవలను ఒక్కొక్కటిగా మూయుట. రావణుఁడు దేవగంధర్వయక్షాదులను లెక్కించి, మనుష్యుఁడు తనకొక లెక్కయా యని విడిచెను. అది గర్వమువలనఁ గలిగిన విస్మృతి. అందు చమత్కారము స్వల్పము.

హిరణ్యకశిపునిది వేఱు. వాఁడేమియు మఱవలేదు. లోపలఁ గాని వెలుపలఁ గాని, పగలు గాని రాత్రి గాని, నేలపైఁ గాని నింగినిఁ గాని, నరునిచేఁ గాని మృగముచేఁ గాని, ప్రాణముగలదానిచేఁ గాని లేనిదానిచేఁ గాని తనకుఁ జావు వలదని జంటజంటలుగాఁ గూర్చి యడిగెను. రెండు పక్షములను జెప్పినచో మూఁడవపక్ష ముండదని వాని తర్కము. ఎఱ్ఱాప్రెగడ నృసింహపురాణమును, పోతన సప్తమస్కంధమును బాఠము చెప్పునపుడు మనము భక్తిరసమును, ప్రహ్లాదుని దృఢచిత్తమును వర్ణించి యీ వరవాక్యమును కథాంగముగా దాఁటిపోవుదుము. నేనును ముప్పది యేండ్లు అట్లే దాఁటితిని. నిజమునకు కథయంతయు నీ వాక్యమున నున్నది. శాబ్దికుఁడు దీనిని విడువరాదు.

నఞర్థము రెండు తెఱఁగులని మనమెఱుఁగుదుము. క్రియతో నన్వయించినచోఁ బ్రసజ్యప్రతిషేధము; అది కేవలనిషేధము. నామముతో నన్వయించినచోఁ బర్యుదాసము; అది తద్భిన్నమై తత్సదృశమగు వస్తువును జూపును. గుఱ్ఱము కానిదానిని దెమ్మన్నచో గాడిదను దెత్తురుగాని మట్టిబెడ్డను దేరు. దైత్యుఁడు తన వాక్యమునఁ బ్రసజ్యమును ఉద్దేశించెను: చావు వలదు, వలదు, వలదు. విధి దానిని బర్యుదాసముగాఁ జదివెను. నరుఁడు కాక నరసదృశమైనది, మృగము కాక మృగసదృశమైనది యెయ్యదియో, పగలుకాక పగటిని బోలినది, ఇల్లుగాక యింటిని బోలినది, ఆయుధముగాక యాయుధమును బోలినది యెయ్యదియో, అదియెల్ల వాని వాక్యమునుండియే పుట్టినది. సంధ్యయు, గడపయు, ఒడియు, గోళ్లును వాఁడు విడిచిన సందులు గావు. వాఁడు పలికిన మాటలకు సరియైన యర్థములు. తన మృత్యువును దానే సూత్రీకరించుకొన్నాఁడు. ఇంకొక మాటయుఁ గలదు. వాఁడు కోరినవి యన్నియు ద్వంద్వములు. వచ్చినవాఁడో, నరుఁడును దానే సింహమును దానే యగు కర్మధారయము. వైయాకరణులకు నవ్వు వచ్చునేమో కాని, ద్వంద్వములతోఁ గట్టిన కోటను గర్మధారయము గూల్చెనని నేను పిల్లలకుఁ జెప్పి, సమాసప్రకరణమును వారిచే ఒక్కపూఁటలో నేర్పించితిని.

ఈ కల్పనకు మూలము చాలఁ బ్రాచీనము. నముచి యను నసురుఁడు పగలు గాని రాత్రి గాని, తడిసినదానిచేఁ గాని ఎండినదానిచేఁ గాని చంపఁబడఁడని నియమ ముండఁగా, ఇంద్రుఁడు సంధ్యవేళ నీటినురుగుతో వానిఁ జంపినట్లు బ్రాహ్మణగ్రంథములయందే కలదు. సముద్రతీరమునకుఁ జేరువనున్న మావంటివారికి నురుగు తడియో పొడియో నిర్ణయింపఁ గష్టమని వేఱుగాఁ జెప్పనక్కఱలేదు.

కూచిపూడి మాకు దూరము గాదు. ప్రహ్లాదయక్షగానమున హిరణ్యకశిపుఁడు తెర దాఁటి వచ్చునపుడు ముందు కూర్చున్న పిల్లలు వెనుకకు జరుగుదురు. వాఁడు చచ్చునని వారెఱుఁగుదురు. ఎట్లు చచ్చునో కూడ ఎఱుఁగుదురు. అయినను భయపడుదురు. ఆ భయము వాని గదవలనఁ గలిగినది కాదు. ఇంత పకడ్బందీగాఁ గోరుకొన్నవాని నెవరేమి చేయఁగలరను సందేహము ప్రతిసారియుఁ గ్రొత్తగాఁ బుట్టుటవలనఁ గలిగినది. వరవాక్యము వినని ప్రేక్షకునకు ఆ వేషము కిరీటము పెట్టుకొన్న మల్లునివలెఁ గనఁబడును.

జానపదకథకులు వేఱొక త్రోవ త్రొక్కిరి. బాలనాగమ్మకథలో మాయలఫకీరునకు వరము లేదు, నిషేధములు లేవు. వాని ప్రాణము వానియొద్ద లేదు. ఏడు సముద్రముల కావల నొక చిలుకయందున్నది. బాలవర్ధి పోయి యా చిలుకను బట్టి, తల్లిని జెఱపట్టినవానిఁ జంపెను. రుష్యదేశపు కథలలో కొశ్చేయ్ అనువాని ప్రాణమును ఇట్లే సూదిమొనయందు, ఆ సూది గ్రుడ్డునందు, ఆ గ్రుడ్డు బాతునందు, ఆ బాతు కుందేటియందు దాఁచఁబడినది. హిరణ్యకశిపుని రహస్యము నఞర్థమందున్నచో ఫకీరు రహస్యము సప్తమీవిభక్తియందున్నది. ప్రాణమునకు అధికరణ మెయ్యది యను ప్రశ్నయే కథను నడపును. 1942 లో జెమినీవారు తీసిన "బాలనాగమ్మ" చిత్రమున గోవిందరాజుల సుబ్బారావుగారు ధరించిన యీ పాత్రమును జూచి పిల్లలు జడిసికొనిరని మా యింటి పెద్దలు చెప్పఁగా వినియున్నాను. ఆ భయమునకును మూలమిదియే. కొట్టినను వానికిఁ దగులదు, తగులవలసినచోటు వేఱు.

కల్కిపురాణమును గూడ నొక్కమాట. కోకవికోకులను నన్నదమ్ములు కలిపక్షమునఁ బోరుదురు. ఒకఁడు చచ్చినచో రెండవవాఁడు చూచినంతనే బ్రదుకును. కల్కి యిరువురను ఒక్కమాఱుగాఁ గొట్టి చంపును. ఈ చిత్రకారులు కల్కిపురాణమునుండి శంభలమను పేరును, కల్కితల్లికి సుమతి యను పేరును గ్రహించిరి. ఈ సోదరులను ఏల విడిచిరో తెలియదు. విజ్ఞానకల్పితకథకు వీరికంటెఁ దగినవారు దొరకుట యరుదు.

ఇఁక చిత్రమును జూతము. దీనికి దర్శకుఁడు నాగ్ అశ్విన్. కలియుగారంభము క్రీస్తుపూర్వము 3102 అను సంప్రదాయగణనకు 2898 కలిపినచో ఆఱువేలగును. పేరులోని సంఖ్యకు మర్మమిది. కురుక్షేత్రసమరము జరిగి ఆఱువేలేండ్లయినదని కథ. సంప్రదాయమున సమరము కల్యాదికి ముప్పదియాఱేండ్లు ముందు. కాని కవికి ముప్పదియాఱేండ్లు మన్నింపవచ్చును. లోకమంతయు ఎండిపోఁగా కాశి యొక్కటియే మిగిలినది. దానిమీఁద ఆకసమునఁ దలక్రిందులైన గోపురమువలెఁ గాంప్లెక్సను నిర్మాణము నిలిచియున్నది. నీరును, చెట్లును, ఫలములును అందున్నవి. దాని యధిపతి "సుప్రీం యాస్కిన్". ఇన్నూఱేండ్లవాఁడు. కమల్ హాసన్‌గారు ధరించిన యీ పాత్ర చిత్రమునఁ గనఁబడునది కొన్ని నిమిషములే. ఎండి ముడుతలువడిన దేహము, యంత్రములతోడి బంధము, మెల్లని గొంతు. గర్భవతులను చెఱఁబట్టి, గర్భస్థశిశువులనుండి యొక సారమును దీయించి, దానివలన బ్రదుకుచున్నాఁడు.

పేరు విన్నంతనే నేను ఉలికిపడితిని. యాస్కుఁడు నిరుక్తకారుఁడు. శివాదిగణమునఁ బఠింపఁబడిన యస్కశబ్దముపై నపత్యార్థమున నణ్‌ప్రత్యయము వచ్చి యాస్కశబ్దము సిద్ధించును. దానిపై మత్వర్థమున ఇనిప్రత్యయము చేర్చినచో యాస్కిన్ అని ప్రాతిపదికము గలుగును గాని, ప్రథమైకవచనము యాస్కీ కావలెను. అర్థము "యాస్కుఁడు గలవాఁడు" అగును. నిరుక్తకారుని దనయొద్ద నుంచుకొన్న రాక్షసుఁడన్నమాట! కల్పించినవారి కీ యుద్దేశ మున్నదని నేననను. అయినను, పదముల మూలములు వెదకినవాని పేరు, ప్రాణముల మూలములు పెఱికివేయువానికిఁ దగిలినది. ఇది కాకతాళీయమే యైనను మఱపునకు రాదు.

వీనియెడ నాకుఁ గల ప్రధానాక్షేపణ చెప్పెదను. వీనికి వాక్యము లేదు. ఏమి కోరెను, ఎవరిని కోరెను, ఏ నియమమున బ్రదుకుచున్నాఁడు, ఎచ్చట వానికిఁ జావు, అను ప్రశ్నలలో నొక్కదానికిని ఈ మొదటిభాగమున బదులు లేదు. బలము కలదు, సేన కలదు, ఇన్నూఱేండ్ల వయస్సు కలదు. వయస్సు సంఖ్య మాత్రమే. సంఖ్య భయమును బుట్టింపదు. ఇన్నూఱు ఐదువందలైనను ప్రేక్షకునకు భేదము తెలియదు. యవనకథలలో టిథోనసునకై యుషోదేవత యమరత్వమును గోరి యౌవనమును గోర మఱచెను. వాఁడు చావక యెండి ముడుఁగుకొనిపోయెను. యాస్కిన్ దేహమును జూచినపుడు నాకా కథ జ్ఞప్తికి వచ్చెను. కాని టిథోనసుని యెండుదలకుఁ గారణమైన యొక్కమాట యున్నది. వీని కది లేదు.

అట్లని యీ పాత్ర నిస్సార మనరాదు. హిరణ్యకశిపుని నఞర్థముతోను, ఫకీరును సప్తమితోను గుర్తించితిమి గదా, వీఁడు పంచమీవిభక్తివాఁడు. ప్రాణ మెచ్చటనుండి వచ్చుచున్నది యనుటయే వీని గుట్టు. విశ్లేషము జరుగునపుడు నిలుకడగా నుండునది యపాదానమని శాస్త్రము. చెట్టునుండి యాకు రాలును, చెట్టు నిలుచును. ఇచట గర్భమునుండి సారము తీయఁబడును, గర్భము నిలువదు. ధ్రువము కానిదానిని నపాదానముగాఁ జేసికొనుటయే వీని పాపస్వరూపము. పూర్వపు రాక్షసులు లోకముల నేడిపించిరిగాని తమ యాయువును లోకమునుండి పిండుకొనలేదు. తపస్సు చేసి, యొడలు పుట్టలు పట్టఁగా సంపాదించుకొనిరి. హిరణ్యకశిపుని యాయువు వాని సొంత కష్టార్జితము. వీనిది యెరువు గూడఁ గాదు, దొంగసొమ్ము. ఈ భేదమును గనిపెట్టుట చిత్రకారుల యోగ్యత. ఇది క్రొత్తది, మన కాలమునకుఁ జెందినది. క్రిందనున్న కాశికి నీరులేకుండఁ జేసి మీఁద వనములు పెంచుకొన్న నిర్మాణమునకును ఈ ప్రతినాయకునకును బొందిక కుదిరినది.

కడపటి ఘట్టమున సుమతి గర్భసారము బిందుమాత్రము లభింపఁగా యాస్కిన్ దానిని దేహమున నెక్కించుకొని, యౌవనముఁ బొంది, గాండీవమునెత్తును. అప్పుడు వానినోట శ్రీశ్రీ జగన్నాథరథచక్రగేయమునుండి పలుకులు వచ్చును. ఆ గేయము పతితులకు, బాధాసర్పదష్టులకు ధైర్యము చెప్పుటకై పుట్టినది. దానిని బాధకునినోటఁ బెట్టుట యపచారమని కొందఱు నొచ్చుకొనిరి. నాకట్లు తోఁపలేదు. అర్జునుని విల్లు, కవి పలుకు, శిశువుల ప్రాణము, ఈ మూఁడింటిలో నొక్కటియు వానిది గాదు. పరస్వములన్నియు నొక్కచోటఁ జేర్చి చూపిన యా ఘట్టము చిత్రమంతటిలో నుత్తమమైనదని నా యభిప్రాయము.

ఇఁక అశ్వత్థామ. మా పిల్లలు నన్ను బట్టినది ఇచటనే. వ్యాసభారతమున నతనికిఁ బుట్టుకతో శిరోమణి కలదు. అది యున్నవానికి శస్త్రభయము లేదు, వ్యాధిభయము లేదు, ఆఁకలి లేదు. అనఁగా నతనికి మొదటఁ గలిగినది యాయువు గాదు, అభయము. ఉత్తరగర్భముపై నస్త్రము పడిన పిమ్మట ఆ మణిని దీసికొనిరి. శ్రీకృష్ణుఁడు శపించెను: మూఁడువేలేండ్లు భూమిపైఁ దిరుగుము, తోడు లేకయు, ఎవనితోను మాటలేకయు, నెత్తురును చీమును గంపుకొట్టుచు, సర్వవ్యాధులతో నడవులఁ దిరుగుము అని. అభయమును దీసివేసి, ఆయువును మిగిల్చెను. దండనములలో నింత సూక్ష్మమైనది నేనెఱిఁగిన వాఙ్మయమున మఱియొకటి లేదు. వధింపవచ్చిన భీమునిచేతఁ జచ్చియున్నచో నతఁ డదృష్టవంతుఁడు. చిరంజీవులేడుగురిలో మొదట నతని పేరు చదివి పిల్లలకు జన్మదినమున నాశీస్సు చెప్పు మనము, ఆ చిరంజీవనము శాపమని తలఁచుట లేదు.

ఇప్పుడు రెండు కథలను బ్రక్కబ్రక్కన నుంచి చూడుఁడు. ఒకఁడు గర్భమును జంపఁబూని, దానికి శిక్షగా దీర్ఘాయువును బొందెను. రెండవవాఁడు దీర్ఘాయువునకై గర్భములను జంపుచున్నాఁడు. ఒకని శిక్ష మఱొకనికి ఫలము. ఒకని నేరము మఱొకనికి సాధనము. ఆ మొదటివానినే యొక గర్భమునకుఁ గావలి పెట్టి, రెండవవానికి నెదురు నిలిపిరి. ఇది యెంత గొప్ప కల్పనయో చిత్రకారులే పూర్తిగా నెఱిఁగినట్లు తోఁపదు. ఎఱిఁగియున్నచో వారిరువురను ఒక్కమాఱైన ముఖాముఖిగా నిలిపియుందురు. ఈ భాగమున నది జరుగలేదు. మాటలాడు బండియు, భైరవుని బేరసారములును, దీర్ఘమైన పోరాటములును గథాకాలమునఁ జాల భాగము దినివేసినవి. భైరవుఁడు కర్ణుఁడని చివర వెల్లడించిన విషయమును గుఱించి వాదోపవాదములు విస్తారముగా జరిగినవి. అది వేఱు చర్చ.

చిత్రమునఁ గృష్ణుఁడు శపించుచునే, కల్క్యవతారకాలమున గర్భరక్షణము నీవు చేయవలసియున్నదని విమోచనోపాయమును సూచించును. సౌప్తికమున నిది లేదు. మూలమున లేనిది చేర్చుట దోషమా? దుర్వాసశ్శాపము భారతశకుంతలోపాఖ్యానమున లేదు. కాళిదాసు చేర్చెను, లోకము శిరసావహించెను. చేర్పు కథ లోపలినుండి పుట్టినదా, పైనుండి యతికినదా యని మాత్రమే యడుగవలెను. ఇది లోపలినుండి పుట్టినది. దీనికిఁ గారకప్రకరణమునుండియే యొక యుపపత్తి చెప్పెదను. దానక్రియలో సంప్రదానమునకుఁ జతుర్థి. కాని చాకలికి ఉతుకుటకై బట్ట యిచ్చునపుడు అది సంప్రదానము గాదని కొందఱి మతము; ఇచ్చినవాని స్వత్వము తొలఁగలేదు, బట్ట మరల రావలసినదే. అశ్వత్థామకుఁ గృష్ణుఁడిచ్చిన యాయువు ఇట్టిది. అది యతని సొమ్ము గాదు. ఒక పనికై చేతఁబెట్టఁబడినది. పని తీఱిన పిదప నొప్పగింపవలసినది. శాపమున నింత యర్థము దాఁగియుండవచ్చునని నేను చిత్రము చూచువఱకుఁ దలఁపలేదు. ఒప్పుకొనుటకు సిగ్గు లేదు.

అయినను మా పిల్లల మాటను నేను పూర్తిగా నంగీకరింపను. "మంచివాఁడు" అను మాట వారికి సులభముగా వచ్చుటకుఁ గారణము చిత్రమందలి లోపమే. అమితాబ్ బచ్చన్‌గారు ధరించిన అశ్వత్థామ ఉన్నతకాయుఁడు, గంభీరుఁడు. నుదుటఁ బుండు కలదుగాని దుర్గంధ మెవరికిని సోఁకినట్లు కనఁబడదు. శాపమందలి ఘోరాంశము చీమునెత్తురులు గూడఁ గాదు, మాటలేమి. ఆఱువేలేండ్లు మనుష్యునితో మాటలాడనివాఁడు మొదటిమాట యెట్లు పలుకును? ఆ గొంతు పెగలునా? ఆ యొక్క ఘట్టమును జూపియున్నచో నా పాత్రము మంచి చెడ్డ యను రెండు మాటలకును లొంగియుండెడిది గాదు. తెరపై నది సులభముగా మాటలాడును, సులభముగాఁ బోరును. పిల్లలు వీరుని జూచిరి, శప్తుని జూడలేదు.

కాఁబట్టి మఱునాఁటి పాఠమున నేను వారిని గద్దింపలేదు. సౌప్తికమును దీసి, శాపఘట్టము చదివి, మాటమాటకు నర్థము చెప్పితిని. తోడులేకయు మాటలేకయు నను చోట వారు కదలక కూర్చుండిరి. మొదట నాతో వాదించిన బాలుఁడు మాత్రము, మూఁడువేలేండ్లను మాటవద్ద నన్నాఁపి, యుద్ధకాలము క్రీస్తుపూర్వము 3138 గదా యని యడిగి, నోటుపుస్తకపు వెనుకపుటలో 3000 తీసివేసి, 138 అని వ్రాసెను. "అయితే మాస్టారూ, ఆ గడువు ఎప్పుడో అయిపోయింది కదండీ! మరి తర్వాత ఎక్కడికి వెళ్లాడండీ?" అని యడిగెను. బందరు బస్సు వచ్చు వేళయైనది. ఊరవతలివారు పుస్తకములు సర్దుకొనిరి. ఆ ప్రశ్నను నా ప్రతిలో నా శ్లోకమునకెదురుగా పెన్సిలుతో వ్రాసికొని యున్నాను.